కూర్చుని కూడా చేయలేడట!

"నిలబడి గానీ, కూర్చుని గానీ నా కుమారుడు ఏ పనీ చేయలేడు."

కెజియా ఆ వాక్యాన్ని చదవడం అది ఎన్నోసారో ఆమెకే గుర్తు లేదు. చదివిన ప్రతిసారీ మాత్రం ఒళ్ళు మండుతూనే ఉంది. అందులో బూతు లేదు, బెదిరింపు లేదు. చూడబోతే ఒక తల్లి ప్రభుత్వానికి పెట్టుకున్న మామూలు అర్జీ. ఆ ఒక్క వాక్యం చేతిలో పెట్టుకుని ఒక కంపెనీ ఒక కుర్రవాడి ఉద్యోగాన్ని చట్టబద్ధంగా మింగేసి, పైగా మూతి తుడుచుకుని కూర్చోబోతోంది. రేపు ఉదయమే నెల్లూరులో విచారణ.

సంగతి ఇది. గిరిబాబు ముత్తుకూరు దగ్గర నీలతీర లాజిస్టిక్స్ వాళ్ళ యార్డులో కాటా ఆపరేటరు. కంటైనర్ల లారీలు వచ్చి కాటా ఎక్కుతాయి, అతను గదిలో కూర్చుని కంప్యూటర్లో బరువు చూసి చీటీ తీసి ఇస్తాడు. గత వానల్లో అదే యార్డులో ఒక ట్రైలరు వెనక్కొచ్చి అతని కుడికాలు నలిపేసింది. మోకాలి కింద నుంచి తీసేశారు. కృత్రిమ కాలు పెట్టించుకుని, నడక నేర్చుకుని, డ్యూటీలో చేరతానని వెళ్తే, కాటా గది ఎత్తున ఉంది, మెట్లు ఎక్కలేవు, ఇంటికి పొమ్మన్నారు. ఇది వివక్ష అని లాయరు హెన్రీ కేసు వేశాడు. దానికి కంపెనీ ఇచ్చిన జవాబే ఈ కాగితం. గిరిబాబు ఆసుపత్రిలో ఉండగా అతని తల్లి పేరమ్మ దివ్యాంగుల పింఛనుకు పెట్టిన దరఖాస్తుతో జతచేసిన అర్జీ ఇది. కింద ఆమె వేలిముద్ర.

పింఛను తీసుకున్నంత మాత్రాన కేసు పోదని హెన్రీ నిన్న సాయంత్రమే కెజియాకు విడమరిచి చెప్పాడు. పింఛను ఇచ్చేది వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిన సర్టిఫికెట్టు చూసి. ఉద్యోగం అడిగేది, తగిన ఏర్పాటు చేస్తే నేను చేయగలను అని. ఒకే మనిషి విషయంలో రెండూ నిజమే కావచ్చు. కానీ 'కూర్చుని గానీ' అనే ముక్క ఉంది చూశావా, దానికి సమాధానం దొరక్కపోతే మనం రేపు తలదించుకుని రావాల్సిందే అన్నాడు. అంతటితో పోదు. పింఛను కోసం ఒక మాట, ఉద్యోగం కోసం ఒక మాట చెప్పారు కాబట్టి మోసం కేసు పెట్టిస్తామని అవతలివాళ్ళు అప్పుడే కబురంపారు. అవతలివాళ్ళ తరఫున కబుర్లు మోసేవాడు నరేంద్రబాబు. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై, కంపెనీలకు అవసరమైన సాక్ష్యాలు వెదికిపెట్టే ఆఫీసు తెరిచాడు. దొరకని చోట తయారు చేసిపెడతాడని కెజియాకు గట్టి అనుమానం. ఆమె చేసేదీ అలాంటి వెదుకులాటే. కాకపోతే ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళకు కార్లుండవు.

అందుకే పొద్దున్నే వాకాడు అవతల ఉన్న పల్లెకు వచ్చి పేరమ్మ ఎదురుగా కూర్చుంది.

పేరమ్మ ఎండుచేపల గంప పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. గిరిబాబు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. కెజియా ఇద్దరినీ ఓదార్చలేదు. ఓదార్పులకు టైము లేదు. ఆసుపత్రిలో ఆ రోజు ఎవరెవరు ఉన్నారు, కాగితం ఎవరు తెచ్చారు, ఎవరు రాశారు, ఎక్కడ కూర్చుని రాశారు అని పోలీసు అడిగినట్టే అడిగింది. కాగితం తెచ్చింది, రాసింది రూఫస్ అని తేలింది. రూఫస్ కంపెనీలో కార్మికుల బాగోగులు చూసే సూపర్‌వైజరు. బత్తాయిపండ్లు పట్టుకుని వచ్చాడట. నీ సీటు నీకే ఉంటుంది, ఈలోపు ఇల్లు గడవడానికి పింఛను పెట్టిస్తాం అన్నాడట. గిరిబాబు అప్పటికి రెండో ఆపరేషనై మత్తులో ఉన్నాడు.

"ఆయనకు ఏం రాయమని చెప్పావు పేరమ్మా?"

"పనికి పోలేడు అని చెప్పినాను తల్లీ. పోలేడు గదా."

"మరి ముత్తుకూరులో చేసింది పని కాదా?"

పేరమ్మ ఆమె వంక వింతగా చూసింది. ఇంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టుంది ఆ చూపు.

"అది డ్యూటీ గదా. పని అంటే వేట. కాలు లేకుండా పడవ ఎట్టా ఎక్కుతాడు, వల ఎట్టా లాగతాడు?"

కెజియా చేతిలో పెన్ను ఆగిపోయింది. నిజమే. ఈ పల్లెలో పని అంటే సముద్రమే. కంపెనీకి పోయేవాడు, బస్సు తోలేవాడు, ఆఖరికి స్కూల్లో గంట కొట్టేవాడు కూడా డ్యూటీకి పోతాడు తప్ప పనికి పోడు. యార్డులో చేరకముందు గిరిబాబు చిన్నాన్న పడవ మీద వేటకు పోయినవాడే. తల్లి చెప్పింది అక్షరాలా నిజం. కొడుకు పనికి పోలేడు, డ్యూటీకి పోగలడు. రాసేవాడు నెల్లూరు మనిషి. అతనికి రెండూ ఒకటే.

హెన్రీ అయితే ఇక్కడే ఎగిరి గంతేసేవాడు. కెజియా వెయ్యలేదు. పొరపాటుగా వినడం వల్ల 'ఏ పనీ చేయలేడు' అని రాశాడంటే ఒప్పుకోవచ్చు. మరి 'కూర్చుని గానీ' ఎక్కడి నుంచి ఊడిపడింది?

"కూర్చుని చేసే పని కూడా చేయలేడు అన్నావా?"

"కూర్చోని చేసే పనేంది తల్లీ? కూర్చోని ఎవురన్నా వల లాగతారా?" అంది పేరమ్మ. ఆ అర్జీని రూఫస్ ఆమెకు చదివి వినిపించాడు గానీ, పనికి పోలేడు అన్న ముక్క మాత్రమే చదివాడట.

అంటే ఆ మాట ఈ ఇంట్లో పుట్టింది కాదు. పింఛను ఇచ్చే సచివాలయం కూడా అడగలేదు. వాళ్ళకు కావలసింది సర్టిఫికెట్టులో ఉన్న శాతం. కూర్చుని చేసే పని ఊసు ఎవరికి అవసరం? గిరిబాబు చేసేది కూర్చుని చేసే ఉద్యోగమని తెలిసి, రేపు అతను వచ్చి ఆ కుర్చీ అడుగుతాడని ముందే ఊహించినవాడికి. కాలు కోసిన గాయం ఇంకా ఆరకముందే, నీ సీటు నీకే అని నోటితో చెబుతూనే చేత్తో ఆ సీటు కింద గొయ్యి తవ్వారన్నమాట.

లేవబోతుంటే పేరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. రాత్రుళ్ళు తల్లికి నిద్ర లేదని, అన్నం ముద్ద గొంతు దిగడం లేదని కొడుకు చెబుతూనే ఉన్నాడు.

"నా నోటితో నేనే నా బిడ్డ డ్యూటీ పోగొట్టినానా తల్లీ?"

"నీ నోరు కాదు పేరమ్మా. ఆ నోరు ఎవరిదో చూడ్డానికే పోతున్నాను" అంది కెజియా. బయట గిరిబాబును పక్కకు పిలిచి, ఎవరు వచ్చి ఏ కాగితం చూపినా సంతకం పెట్టొద్దని గట్టిగా చెప్పి, బండి ముత్తుకూరు వైపు తిప్పింది.

కాటా గదిని రెండు పక్షాలూ కలిసి చూసి, ఫోన్లలో వీడియో తీసుకోవచ్చని విచారణాధికారి అనుమతి ఇచ్చాడు. మధ్యాహ్నం పన్నెండుకు రమ్మన్నది నరేంద్రబాబే. తీరా వెళ్తే గేటు దగ్గర పాసు లేదన్నారు. పాసు వచ్చాక హెల్మెట్టు లేదన్నారు. హెల్మెట్టు వచ్చాక సారు భోజనానికి వెళ్ళారన్నారు. నరేంద్రబాబు తీరిగ్గా తాంబూలం నములుతూ వచ్చేసరికి మూడు దాటింది. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, మొహం మీద పాత పోలీసు నవ్వు.

"కెజియా గారూ, ఎండలో నిలబెట్టేశారా మిమ్మల్ని? మా వాళ్ళకు మర్యాద తెలీదండీ" అన్నాడు.

"మర్యాద సంగతి తర్వాత. గది చూపించండి."

గది ఇనుప రేకులతో చేసింది. నాలుగు ఇనుప స్తంభాల మీద మనిషి ఎత్తుకు పైన ఉంది. పక్కన నిటారుగా ఇనుప మెట్లు, పట్టుకోవడానికి ఒకవైపే కమ్మీ. కృత్రిమ కాలున్నవాడి సంగతి అటుంచి, కెజియాకే రెండు మెట్లు ఎక్కేసరికి గుండె దడదడలాడింది. ఆమె పైకి పోలేదు. దిగి వచ్చి గది చుట్టూ తిరిగింది. తర్వాత గది అడుగుకు వెళ్ళి, నేల మీద గొంతుక్కూర్చుంది. నరేంద్రబాబు చేతి గడియారం చూసుకున్నాడు. కానివ్వండి, తొందరేం లేదు అన్నాడు.

"ఈ గది ఎప్పటి నుంచి ఇంత ఎత్తున ఉంది?" కెజియా ఫోను అతని వైపు తిప్పి అడిగింది.

"మొదట్నుంచీ ఇంతేనండీ. తుపాన్లొస్తే ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి. కంప్యూటర్లు పాడవుతాయని ఎత్తున కట్టారు."

"మొదట్నుంచీ అన్నారు కదా?"

"అన్నాను. రాసుకోండి."

రాసుకోవడమెందుకు, ఫోనులో పడింది. కెజియా దుమ్ము దులుపుకుని లేచింది. ఈ తీరంలో ఇనుము సంగతి ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. ఒక్క వానాకాలం గడిస్తే చాలు, ఉప్పుగాలికి ఎర్రగా పొట్టు లేస్తుంది. గది గోడల కింది అంచులు మొత్తం అలా తుప్పు తిని చిల్లులు పడి ఉన్నాయి. దాన్ని మోస్తున్న నాలుగు స్తంభాలకు మాత్రం తుప్పు చుక్క లేదు. అతుకుల మీద రంగు ఇంకా నిగనిగలాడుతోంది. గది కింద నేల మీద సరిగ్గా గది కొలతకే పాత సిమెంటు దిమ్మె ఉంది. దాని నాలుగు మూలలా కోసేసిన బోల్టుల మొదళ్ళు కనబడుతున్నాయి.

ఇవన్నీ ఫోనుకు చూపించి, చివరికి కెజియా గది కిటికీ కిందికి వచ్చింది. చీటీ అందుకోవడానికి కిటికీ బయట చిన్న చెక్క బల్ల బిగించి ఉంది. దాని అంచు అరిగి నున్నబడింది. లారీ దిగివచ్చిన డ్రైవర్లు మోచేతులు ఆనించి కబుర్లాడుతూ నిలబడే బల్ల అది. ఇప్పుడది ఆకాశంలో వేలాడుతోంది.

"ఆ బల్ల మీద మోచేతులు పెట్టి అరగదీసిన డ్రైవర్లు ఎంత పొడుగుంటారండీ నరేంద్రబాబు గారూ?"

అతను నవ్వడం మానేశాడు. బల్ల పాతది తెచ్చి బిగించి ఉంటారని నీళ్ళు నమిలాడు.

"పోనీ, నీళ్ళకు భయపడి గదిని ఎత్తారన్నారు. గదికి కరెంటు ఇచ్చే జనరేటరు అక్కడే నేల మీద ఉంది. కంప్యూటరు తడిస్తే పాడవుతుంది గానీ జనరేటరు తడిస్తే పాడవదా?" కెజియా గొంతు పెరిగింది. పక్కనే లారీ కడుగుతున్న క్లీనరు తలెత్తి చూశాడు. "గది కింద ఉన్నంతకాలం అతను చేశాడు. కింద ఉంటే ఇవాళ కూడా చేస్తాడు. అతను ఆసుపత్రిలో ఉండగా గదిని పైకెత్తి, ఎక్కలేడు కాబట్టి పనికిరాడంటారా? దేవుడో, డ్రైవరో కాలు తీశారనుకుందాం. మెట్లు కట్టింది మాత్రం మీరు."

మామూలుగా అయితే ఈపాటికి నరేంద్రబాబు మొహం మాడిపోవాలి. మాడలేదు. మళ్ళీ గడియారం చూసుకుని, ఈసారి నిజంగానే హాయిగా నవ్వాడు.

"బాగా పట్టారండీ. గది సంగతి రేపు విచారణలో చెప్పుకోండి. రేపు చెప్పుకోవడానికి కేసంటూ మిగిలితే" అని కారెక్కి వెళ్ళిపోయాడు. ఓడిపోయినవాడు అలా వెళ్ళడు. కెజియాకు అది నచ్చలేదు.

రూఫస్ గేటు బయట లారీవాళ్ళ టీ కొట్టులో దొరికాడు. సన్నటి మనిషి. కెజియాను చూడగానే గ్లాసు కింద పెట్టి లేవబోయాడు. ఆమె అతని ఎదురుగా బల్ల మీద కూర్చుని, ఏమీ అడక్కుండా అర్జీ నకలు తీసి అతని ముందు పెట్టింది. అతను దాన్ని చూడలేదు. చూడకుండానే అది ఏమిటో తెలిసినవాడిలా మొహం తిప్పుకున్నాడు. కెజియా ఇంకో టీ చెప్పి, అది చల్లారేదాకా నోరు విప్పలేదు. మౌనం భరించలేని మనుషులుంటారు. రూఫస్ ఆ బాపతు.

"ఆమె చెప్పిందే రాసినానక్కా" అన్నాడు చివరికి.

"కూర్చుని గానీ అని ఆమె చెప్పిందా?"

అతను తల అడ్డంగా ఊపాడు. తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. ఆసుపత్రికి బయలుదేరే ముందే ఏం రాయాలో నరేంద్రబాబు ఫోనుకు పంపాడట. ఉన్నది ఉన్నట్టు ఎక్కించి రమ్మన్నాడట. రూఫస్ కాంట్రాక్టు ఏడాదికోసారి పొడిగిస్తారు, ఆ నెలలోనే పొడిగించాలి. ముగ్గురు పిల్లలక్కా అన్నాడు. ట్రైలరు బ్రేకులు సరిగ్గా లేవని యార్డులో అందరికీ తెలుసు. కాలు లేనివాడు రోజూ కాటా దగ్గర కూర్చుంటే వచ్చే ప్రతి డ్రైవరూ ఏమైందని అడుగుతాడు, అతను చెబుతాడు, ఆ మాట ఓడరేవంతా తిరుగుతుంది. మేనేజరుకు అది ఇష్టం లేదు. అందుకే గది పైకి లేచింది, అందుకే వాక్యం కాగితం మీదికి ఎక్కింది.

"గిరిబాబు నిన్ను అన్నా అని పిలుస్తాడు. తెలుసా?"

రూఫస్ జేబులోంచి ఫోను తీశాడు. ఆ మెసేజి ఇంకా ఉందా అని కెజియా అడిగింది. ఉందన్నాడు. చూపించాడు. పంపినవాడి పేరుతో సహా అదే వాక్యం, అదే 'కూర్చుని గానీ'. కెజియా దాన్ని తన ఫోనుతో ఫొటో తీసుకుంది. రేపు విచారణకు వచ్చి ఈ మాట చెబుతావా అంటే, సరేనన్నాడు. ఇక కేసు నిలబడినట్టే. గది చూసింది, తల్లి మాటకు అర్థం దొరికింది, దొంగ వాక్యం ఎవరిదో దొరికింది. హెన్రీకి ఫోను చేద్దామని కెజియా లేచింది.

"అక్కా, పేరమ్మ కాడ ఎవరన్నా ఉండారా?" అన్నాడు రూఫస్ ఉన్నట్టుండి.

"ఎందుకు?"

"మిమ్మల్ని పొద్దుగూకేదాకా ఈడే ఉంచమన్నారు. ఆలోగా పల్లెకు కారు పంపినారు."

పాసు, హెల్మెట్టు, భోజనం, ఆ గడియారం. ఎండలో నిలబెట్టింది అవమానించడానికని కోపం తెచ్చుకుంది తప్ప, నిలబెట్టి ఏం చేస్తున్నారో ఆలోచించలేదు. సంతకం పెట్టొద్దని గిరిబాబుకు చెప్పింది. కేసు వేసింది అతనే కాబట్టి అతనికే చెప్పింది. వేలిముద్ర వేసిన మనిషికి చెప్పాలని తట్టనేలేదు.

పేరమ్మ ఫోను రెండు రింగులకే ఎత్తింది. ఆ గొంతు విని కెజియా మొదట గుర్తుపట్టలేకపోయింది. పొద్దున్న ఏడుపు ఆపుకుంటూ మాట్లాడిన మనిషి గొంతు కాదది. బరువు దించుకున్న గొంతు.

"నువ్వేం దిగులు పడబాక తల్లీ. నేను చేసిన తప్పు నేనే దిద్దినాను. గిరికి గూడా చెప్పలేదు, చికెన్ తెమ్మని బజారుకు పంపిచ్చినాను. కంపెనీవోళ్ళు కారేసుకోని వచ్చినారు. నువ్వు తప్పు చెప్పబట్టే గదా బిడ్డ ఇంట్లో కూర్చున్నాడు, ఇప్పుడు కరెక్టుగా చెప్తే సోమవారం డ్యూటీకి రమ్మంటాం అన్నారు."

"ఏం రాసుకున్నారు పేరమ్మా?"

"మా వోడు బాగుండాడు, అన్ని పనులూ చేయగలడు, పింఛను కోసరం నేనే అబద్ధం చెప్పినాను అని."

కెజియా కళ్ళు మూసుకుంది. మొదటి కాగితం ఏ పనీ చేయలేడంటుంది, రెండోది అన్నీ చేయగలడంటుంది. ఆ రెంటి నడుమ గిరిబాబు ఉద్యోగం నుజ్జవుతుంది, తల్లి ప్రభుత్వాన్ని మోసం చేసినట్టు తన నోటితోనే ఒప్పుకున్నట్టవుతుంది. ఉన్న నిజం, కాటా గది నేల మీద ఉంటే చేస్తాడన్న ఆ ఒక్క చిన్న నిజం, ఏ కాగితంలోనూ లేదు.

"వేలు వేశావా?"

"వేసినాను తల్లీ. ఈసారి మొత్తం చదివించుకోనే వేసినాను."

నువ్వు ఎక్కడున్నావు, వెంటనే చెప్పు అని కెజియా టీ కొట్టు అదిరేలా అరిచింది. అవతల కారు హారను వినబడింది. ఎవరో మగగొంతు, ఫోను పెట్టెయ్యవమ్మా అంటోంది.

"కార్లోనే ఉండాను. స్టేషన్ కాడికి పోతా ఉండాము. ఆడ ఎస్సై ముందర ఇదే మాట ఇంకొక్కసారి చెప్పేస్తే చాలంట తల్లీ, అంతా అయిపోద్దంట."